కార్తీక ముహూర్తాలకు ముందే మిక్సింగ్ సిస్టమ్ సర్దుకోండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ యూనిట్లకు గడ్డుకాలం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కార్తీక, మార్గశిర ముహూర్తాలూ వాయుగుండాలూ ఒకేసారి మీద పడతాయి. 2021 నవంబరులో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైళ్లు ఆగిపోయాయి. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందురోజుల్లోనే చెన్నై నీళ్లలో మునిగింది. అలాంటి వారంలో సిస్టమ్ చెడిపోతే చెన్నై రిచీ స్ట్రీట్ నుంచి సామాను తెప్పించుకోవడం అయ్యే పని కాదు. అందుకని కొత్త సిస్టమ్ కొనడమైనా, విండోస్ మార్చడమైనా ముహూర్తాలు లేని భాద్రపదంలోనే పెట్టుకోండి. సీజన్ మొదలయ్యాక డ్రైవర్ అప్‌డేట్ కూడా నొక్కొద్దు.

ముందు కెమెరా ఫైలు, తర్వాతే కంప్యూటర్

షాపుకెళ్లి "మిక్సింగ్‌కి మంచి సిస్టమ్ కావాలి" అంటే ఆటలాడే కుర్రాళ్లకు అమ్మే సిస్టమే చేతిలో పెడతారు. మీకు అక్కరకొచ్చే ప్రశ్న వేరే ఉంది. కెమెరామన్ కార్డులో ఏ రకం ఫైలు ఇస్తున్నాడు? మీడియాఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో ఒక క్లిప్ తెరిచి మూడు సంగతులు రాసుకోండి: ఫార్మాట్ హెచ్.264నా హెచ్.265నా, బిట్ డెప్త్ (ఒక్కో రంగుకు ఎన్ని బిట్లు) 8నా 10నా, క్రోమా (రంగు వివరం ఎంత దాచారో) 4:2:0నా 4:2:2నా.

8 బిట్ 4:2:0 అయితే ఇప్పుడు దొరికే ఏ సిస్టమైనా లాగేస్తుంది. తంటా అంతా 10 బిట్ 4:2:2తో. సోనీ ఏ7ఎస్3, ఏ7-4, ఎఫ్‌ఎక్స్3 లాంటివి ఈ ఫైళ్లు ఇస్తాయి. వీటిలో హెచ్.265 రకాన్ని ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చిన ప్రాసెసర్లు తమ లోపలి గ్రాఫిక్స్‌తో విప్పగలవు, అంటే కుదించిన వీడియోను తడబడకుండా ఆడించగలవు. దాన్నే క్విక్ సింక్ అంటారు. ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుల్లో అయితే ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ నుంచే 4:2:2 విప్పే సౌకర్యం వచ్చింది. లక్షన్నర పెట్టి కొన్న 4090 కార్డు కూడా ఆ ఫైలు దగ్గర చేతులెత్తేసి, భారమంతా ప్రాసెసర్ మీద పడేస్తుంది. టైమ్‌లైన్ తడబడుతుంటే కార్డును తిట్టుకుంటాం కానీ తప్పు కొనేటప్పుడే జరిగిపోయింది.

ఇంటెల్ కొనేటప్పుడు మోడల్ నంబరు చివర చూడండి. 13400ఎఫ్, 14700ఎఫ్, 14700కేఎఫ్ లాంటి వాటిలో ఎఫ్ ఉందంటే లోపలి గ్రాఫిక్స్ లేదని అర్థం, అంటే క్విక్ సింక్ కూడా లేనట్టే. వెయ్యో రెండువేలో తగ్గుతుందని షాపువాళ్లు అదే అంటగడతారు. మిక్సింగ్‌కి మాత్రం ఎఫ్ వద్దే వద్దు. ఏఎండీ వారి రైజెన్ ప్రాసెసర్లు రెండరింగ్‌లో (పూర్తయిన వీడియోను ఫైలుగా తీయడంలో) గట్టివే అయినా 4:2:2 ఫైళ్లకు వాటిలో సాయం లేదు. రైజెనే కావాలనుకుంటే పక్కన ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ కార్డు పెట్టుకోవాలి.

ఇప్పటికే 13, 14 తరాల ఐ7, ఐ9 వాడుతున్నవాళ్లకు ఒక హెచ్చరిక. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీ లాగి క్రమంగా దెబ్బతిన్నాయి. రెండర్ మధ్యలో ప్రోగ్రాము మూసుకుపోవడం, నీలం తెర రావడం దాని గుర్తులు. ఇంటెల్ 2024లో 0x129, ఆ తర్వాత 0x12బీ అనే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) సవరణలు ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. మదర్‌బోర్డు సైటు నుంచి కొత్త బయోస్ (బోర్డులో ఉండే, సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాము) దించి ఎక్కించండి. ఆ పని యూపీఎస్ మీదే, వాన లేని రోజే చేయాలి. బయోస్ ఎక్కుతుండగా కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు.

ఎడియస్ వదులుకోలేనివాళ్లు మ్యాక్ వైపు చూడొద్దు

పెళ్లి పనిలో సాంగ్ ప్రాజెక్టులన్నీ ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకున్నవాళ్లకు దారి ఒకటే. ఎడియస్ విండోస్ మీద తప్ప నడవదు. ఫైనల్ కట్ ప్రో విండోస్ మీద నడవదు. ప్రీమియర్, డావిన్చీ రిజాల్వ్ రెండు చోట్లా నడుస్తాయి. రిజాల్వ్ లినక్స్‌కీ ఉంది కానీ అక్కడి ఉచిత వెర్షన్‌లో హెచ్.264 ఫైలే తెరుచుకోదు. ఆ ప్రయోగం పెళ్లిళ్ల సీజన్లో అక్కర్లేదు.

రిజాల్వ్‌లోనో ప్రీమియర్‌లోనో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం ఎం4 మ్యాక్ మినీ ఆలోచించదగ్గదే. 10 బిట్ 4:2:2 హెచ్.265ని సాఫీగా విప్పుతుంది, ఎంత పని చేసినా దాదాపు 65 వాట్లు దాటదు. తుపాను రోజుల్లో ఈ రెండో గుణం బంగారం. ఇబ్బందులూ ఉన్నాయి. ర్యామ్ తర్వాత పెంచుకోలేం, కాబట్టి 16 జీబీ దగ్గర ఆగకుండా 24 తీసుకోవడం మేలు. విండోస్‌లో ఎన్‌టీఎఫ్‌ఎస్‌గా ఫార్మాట్ చేసిన హార్డ్‌డిస్కును మ్యాక్ చదువుతుంది తప్ప దానిలో రాయదు. రెండింటికీ పనికొచ్చే ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకుంటే, కాపీ మధ్యలో కరెంటు పోయినప్పుడు ఫైళ్లు చెడే ప్రమాదం ఎక్కువ.

ర్యామ్ 32 జీబీ, 16 చొప్పున రెండు స్టిక్కులు. ఒక్క స్టిక్కు వేస్తే ర్యామ్ డేటా అందించే వేగం సగమవుతుంది, నాలుగు వేస్తే డీడీఆర్5 బోర్డుల్లో స్పీడు తగ్గించుకుంటుంది. ఎస్సెమ్పీఎస్ (సిస్టమ్ లోపలి పవర్ సప్లై) పేరున్న కంపెనీది 650 వాట్లు. గ్రాఫిక్స్ కార్డులో 4కె రిజాల్వ్‌కి 8 జీబీ కనీసం. ఎడియస్ మాత్రమే వాడేవాళ్లు కార్డు మీద పెట్టే డబ్బు ఎస్‌ఎస్‌డీ మీద పెట్టడమే మంచిది.

డేటా లెక్క

100 ఎంబీపీఎస్ (సెకనుకు 100 మెగాబిట్లు) 4కె ఫైలు గంటకు 45 జీబీ. రెండు కెమెరాలు ఆరేసి గంటలు తీస్తే 540 జీబీ. యూఎస్‌బీ 2 కార్డు రీడరైతే సెకనుకు 35 ఎంబీ, అంటే నాలుగు గంటలకు పైగా. రీడరూ పోర్టూ యూఎస్‌బీ 3 అయి, హార్డ్‌డిస్కు సెకనుకు 150 ఎంబీ అందుకుంటే గంటలో అయిపోతుంది. ఒకే రోజు మూడు ముహూర్తాలున్నప్పుడు ఈ తేడా నిద్రకు సంబంధించింది.

విండోస్‌కి ఒక ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, నడుస్తున్న పెళ్లికి ఇంకొకటి, అయిపోయిన పనికి హార్డ్‌డిస్కులు. ఎస్‌ఎస్‌డీని నిండా నింపితే రాసే వేగం కుప్పకూలుతుంది, ఐదో వంతు ఖాళీగా ఉంచండి. కార్డు దించేటప్పుడు వెరిఫై ఆప్షన్ పెట్టి టెరాకాపీ అనే ప్రోగ్రాముతో రెండు వేర్వేరు డిస్కులకు కాపీ చేయండి. విండోస్ మామూలు కాపీ తిరిగి సరిచూసుకోదు. రెండు డిస్కుల్లోనూ క్లిప్పుల సంఖ్య సరిపోయి, ప్రతి కార్డులో మొదటిదీ చివరిదీ ఆడాకే కార్డు ఫార్మాట్ చేయాలి. రెండో డిస్కు అదే గదిలో ఉంటే లాభం లేదు. పల్లపు వీధిలో కింది అంతస్తు యూనిట్ అయితే మేడ మీద, లేదంటే వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో పెట్టండి.

ఉన్న హార్డ్‌డిస్కులన్నిటినీ క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ప్రోగ్రాముతో ఒకసారి చూడండి. పసుపు రంగులో కాషన్ కనిపించి, 05 లేదా సీ5 వరసలో రా వాల్యూస్ కింద అంకె సున్నా కాకపోతే అందులో ఉన్నది ఆ రోజే బయటకు తీసేయాలి. క్రాక్ సాఫ్ట్‌వేర్ వెంట వచ్చే లాకింగ్ వైరస్ తగిలించి ఉన్న డిస్కులన్నిటినీ పట్టేస్తుంది. అందుకే బ్యాకప్ డిస్కు కాపీ అవ్వగానే ఊడదీయండి.

కరెంటు, ఉప్పుగాలి, దుమ్ము

600 వీఏ యూపీఎస్ మోసేది సుమారు 360 వాట్లే. రెండర్‌లో 450 వాట్లు లాగే సిస్టమ్‌కి కనీసం 1 కేవీఏ, అదీ సైన్ వేవ్‌ది కావాలి. చౌక యూపీఎస్‌లు ఇచ్చే చదరపు తరంగానికి మంచి ఎస్సెమ్పీఎస్‌లు కొన్ని ఒప్పుకోక రీస్టార్ట్ అవుతాయి. లోపలి 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ రెండు మూడేళ్లకు మించి నమ్మకండి. పరీక్ష సులువు. పని సేవ్ చేసి, ఒక డమ్మీ రెండర్ పెట్టి, గోడ దగ్గర స్విచ్ ఆపండి. సిస్టమ్‌ని పద్ధతిగా మూసే ఐదు నిమిషాలైనా నిలవకపోతే బ్యాటరీ మార్చాల్సిందే. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనకున్న స్విచ్ యూపీఎస్ మోడ్‌లో ఉందో లేదో చూసుకోవాలి. మామూలు మోడ్‌లో కరెంటు మారే ఆ క్షణంలో సిస్టమ్ ఆగిపోతుంది.

ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజీ కొలిపించండి. రెండు మూడు వోల్టుల లోపు ఉంటే మంచిది. పిడుగులు పడుతున్నప్పుడు ప్లగ్గుతో పాటు ఇంటర్నెట్ బాక్సు నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా పీకండి. చాలామంది దాన్ని మర్చిపోతారు, బోర్డు అటునుంచే పోతుంది.

కొత్తపట్నం, సింగరాయకొండ, ముత్తుకూరు వైపు ఉప్పుగాలికి ర్యామ్ కాంటాక్టులు మాసిపోతాయి. సిస్టమ్ ఆన్ కాకుండా బీప్ కొడితే ముందు ర్యామ్ తీసి రబ్బరుతో తుడిచి పెట్టండి. చీమకుర్తి పక్క రాతిపొడి ఫ్యాన్ ఫిల్టర్లను పదిహేను రోజుల్లో మూసేస్తుంది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. పక్కన పెట్టిన హార్డ్‌డిస్కులకు మూత గట్టిగా పట్టే డబ్బా, అందులో సిలికా జెల్ చాలు.

ఇవన్నీ అయ్యాక, నిరుటి పెళ్లి ఒకదాన్ని మొదటినుంచి చివరిదాకా కొత్త సిస్టమ్‌లో నడిపి చూడండి: కార్డు దించడం, మూడు కెమెరాల మల్టీక్యామ్, పాట, రంగు, రెండు గంటల పూర్తి వీడియో రెండర్. రెండర్ అవుతుండగా ప్రాసెసర్ వేడి 90 డిగ్రీలు దాటి అక్కడే ఉంటే ప్రాసెసర్ మీది థర్మల్ పేస్టు మార్చాలి, కూలర్ సరిగా కూర్చుందో లేదో చూడాలి. తొలి ముహూర్తానికి కనీసం పది రోజుల ముందు ఈ పరీక్ష పూర్తయితే, ఏదైనా తేడా వచ్చినా చెన్నై వెళ్లి మార్చుకొచ్చే వ్యవధి ఉంటుంది.