ఆఫీస్ సర్వర్ ఆగిపోయిందా? కంపెనీ సపోర్ట్‌తో బాగుచేయించుకోవడం ఎలా?

ట్యాలీ తెరుచుకోవడం లేదని అకౌంట్స్ వాళ్లు, ఫైళ్లు కనిపించడం లేదని సేల్స్ వాళ్లు ఒకేసారి మీద పడితే ఎవరికైనా టెన్షనే. కానీ సర్వర్ పాడవడం వల్లే కాదు, ఆ కంగారులో మనం చేసే పనుల వల్ల కూడా డేటా పోతుంది. ఈ వరుసలో వెళ్లండి.

1. ముందు కరెంటు. యూపీఎస్ పనిచేస్తోందా? సర్వర్ వెనక పవర్ సప్లై లైట్లు వెలుగుతున్నాయా? అసలు ఆన్ కాకపోతే పవర్ కేబుళ్లన్నీ తీసేసి, పవర్ బటన్‌ను 20 సెకన్లు నొక్కి పట్టుకుని, మళ్లీ పెట్టి చూడండి. సర్వర్ నడుస్తూ ఏదో ఒక డిస్క్ దగ్గర మాత్రమే నారింజ లైటు వెలుగుతుంటే ఈ పని చేయకండి. దాన్ని అలాగే ఉండనివ్వండి.

2. లాగ్ తీసి పెట్టుకోండి. సర్వర్‌ను బయటి నుంచి చూసుకోవడానికి లోపలే ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. డెల్ సర్వర్లలో దాని పేరు ఐడ్రాక్ (iDRAC), హెచ్‌పీఈ (హ్యూలెట్ ప్యాకర్డ్ ఎంటర్‌ప్రైజ్) వాటిలో ఐలో (iLO). విండోస్ లేవకపోయినా, కరెంటు అందుతుంటే చాలు, ఇవి వేరే కంప్యూటర్ బ్రౌజర్‌లో తెరుచుకుంటాయి. ఏ మెమరీ స్లాట్‌లో ఎర్రర్ వచ్చిందో, ఏ ఫ్యాన్ ఆగిందో అక్కడ టైముతో సహా ఉంటుంది. ఆ లాగ్ డౌన్‌లోడ్ చేయండి. సపోర్ట్ వాళ్లు మొదట అడిగేది అదే.

3. డిస్కుల జోలికి తొందరపడి వెళ్లొద్దు. రెయిడ్ అంటే కొన్ని డిస్కులను కలిపి ఒకటిగా వాడే పద్ధతి. రెయిడ్ 5లో ఒక డిస్క్ పోయినా డేటా ఉంటుంది (ఆ స్థితినే డీగ్రేడెడ్ అంటారు), రెండోది కూడా పోతే ఉండదు. పాడైనదాన్ని వదిలేసి పక్కనున్న మంచి డిస్క్ లాగేస్తే జరిగేది అదే. డెల్‌లో స్లాట్ల లెక్క మామూలుగా సున్నా నుంచి మొదలవుతుంది. లాగ్‌లో స్లాట్ 2 అని ఉంటే అది మూడో డిస్క్ అన్నమాట. ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ (డిస్కులోని రెయిడ్ సెటప్‌ను సర్వర్ తనదిగా గుర్తించలేదని అర్థం) అని మెసేజ్ వస్తే ‘క్లియర్’ అసలు నొక్కకండి. స్క్రీన్ ఫోటో తీసి సపోర్ట్ వాళ్లకు పంపండి.

4. ఇప్పుడు ఫోన్ చేయండి. డెల్ అయితే ఏడు అక్షరాల సర్వీస్ ట్యాగ్, హెచ్‌పీఈ అయితే సీరియల్ నంబర్ దగ్గర పెట్టుకోండి. ‘సర్వర్ పనిచేయట్లేదండీ’ అంటే మొదటి నుంచి అన్నీ అడుగుతారు. ‘స్లాట్ 2 డిస్క్ ఫెయిలైంది, రెయిడ్ డీగ్రేడెడ్‌లో ఉంది, లాగ్ మెయిల్ చేశాను’ అంటే మాట నేరుగా పార్ట్ దగ్గరికి వెళ్తుంది. కేస్ నంబర్ రాసుకోండి.

వారంటీలో ‘నెక్స్ట్ బిజినెస్ డే’ అని ఉంటే రేపే వస్తారని బాస్‌కు మాటివ్వకండి. సమస్య ఏమిటో తేలాక లెక్క మొదలవుతుంది, సెలవులు కలవవు. శుక్రవారం సాయంత్రం కాల్ చేస్తే సోమవారం దాకా ఆశ పెట్టుకోకండి. సపోర్ట్‌లో కొందరు ముందు ఫర్మ్‌వేర్ (సర్వర్ భాగాల లోపల ఉండే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయమంటారు. బ్యాకప్ లేకుండా, రెయిడ్ డీగ్రేడెడ్‌లో ఉండగా నేనైతే ఒప్పుకోను. డేటా పక్కకు తీశాకే అని మర్యాదగా చెప్పి, ఆ మాట మెయిల్‌లో కూడా పెట్టండి.

5. ఇంజినీర్ వచ్చాక. కేబుళ్లు తీయకముందే ఫోటోలు తీయండి. వచ్చినాయన పని పార్ట్ మార్చడం వరకే, డేటా బాధ్యత మనదే. మదర్‌బోర్డ్ మారుస్తుంటే బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ముందే చేతిలో ఉండాలి. బోర్డుతో పాటు టీపీఎం చిప్ (ఆ తాళానికి సంబంధించిన రహస్యాన్ని దాచే చిప్) కూడా మారితే విండోస్ ఆ కీ అడుగుతుంది. ఆ కీ కాస్తా అదే సర్వర్‌లోని ఫైల్లో దాచి ఉంటే ఇక చెప్పేదేముంది! కొత్త బోర్డులో సర్వీస్ ట్యాగ్, తేదీ, టైము సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోండి. పాడైన డిస్క్‌ను మామూలుగా వాళ్లు తీసుకెళ్లిపోతారు. అందులో కస్టమర్ల వివరాలుంటే, డిస్క్ మన దగ్గరే ఉంచుకునే ప్లాన్ ఉందేమో ముందే అడగాలి.

6. కేస్ అప్పుడే మూయనివ్వకండి. కొత్త డిస్క్ పెట్టాక రీబిల్డ్‌కు (డేటా మళ్లీ దాని మీదకు చేరడానికి) గంటలు పడుతుంది, పెద్ద డిస్కులైతే రోజు దాటినా దాటొచ్చు. అది 100 శాతం పూర్తయి, లాగ్‌లో కొత్త ఎర్రర్ లేదని చూసుకుని, ట్యాలీలో ఒక వోచర్ వేయించి, బ్యాకప్ నుంచి ఒక ఫైల్ వెనక్కి తెచ్చి చూశాకే మూసేయమని చెప్పండి.