డై ఎక్కించాక దవడల కింద వాపు వస్తే ఏం చేయాలి?

యాంజియోగ్రామ్ (రక్తనాళాలు స్పష్టంగా కనపడేలా డై అనే మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే పరీక్ష) అయిన మర్నాడు పొద్దున గడ్డం గీసుకుంటూ నాన్న నన్ను కేకేశారు. రెండు దవడల కిందా నిమ్మకాయంత వాపు. ఎర్రగా లేదు, జ్వరం లేదు, నొక్కితే కాస్త సలుపు. అమ్మ చూడగానే గవదబిళ్ళలంటూ పసుపు, సున్నం కలపబోయింది. అరవై ఏడేళ్ళ మనిషికి, అదీ డై ఎక్కించిన మర్నాడే గవదబిళ్ళలేంటని నాకు అనుమానం వచ్చింది.

మీ ఇంట్లో ఇలా జరిగితే వాపు సంగతి తర్వాత, ముందు ఊపిరి చూడండి. ఆయాసం, గొంతు బిగుసుకోవడం, నాలుకో పెదవులో ఉబ్బడం, ఒళ్ళంతా దద్దుర్లు, కళ్ళు తిరగడం, వీటిలో ఏది కనిపించినా అలర్జీ కావచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయండి. నాన్న మామూలుగానే మాట్లాడుతున్నారు, ఇడ్లీ కూడా తిన్నారు. అప్పుడు నేను ఫొటో తీసుకుని డాక్టరుగారికి ఫోన్ చేశాను.

సీటీకీ, యాంజియోగ్రామ్‌కీ వాడే డైలో అయోడిన్ ఉంటుంది. అందులో చాలా భాగం మూత్రంలో పోతుంది. మిగిలిన కొంచెం కొందరిలో లాలాజల గ్రంథుల్లో చేరి, వాటి నాళాలను ఉబ్బిస్తుందని అనుకుంటున్నారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే అయోడిన్ ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ నాన్నకు 2.1, మామూలు కంటే ఎక్కువే. ఇలా డై వల్ల వచ్చే వాపును డాక్టర్లు అయోడైడ్ మంప్స్ అంటారు. అరుదే గానీ కొత్తదేం కాదు, 1956లోనే దీని గురించి రాశారు. కొందరికి నిమిషాల్లో, కొందరికి నాలుగైదు రోజులకు కనిపిస్తుంది. అంటువ్యాధి కాదు, పిల్లల్ని దూరం పెట్టక్కర్లేదు.

చల్లటి తడిగుడ్డ పది నిమిషాల చొప్పున వేశాం. సలుపుకు డాక్టరుగారు చెప్పిన మోతాదులో పారాసిటమాల్. కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకండి. నీళ్ళు ఎంత తాగాలో కూడా అడగాలి. సున్నం పట్టు వద్దు, చర్మం కాలుతుంది. జ్వరం, ఎర్రదనం, నోట్లో చీము ఉంటే ఇన్ఫెక్షన్, అప్పుడు తప్పక చూపించాలి. నాన్నకు నాలుగో రోజుకల్లా వాపు తీసింది.

వాపు తగ్గిపోయిందని ఊరుకోకండి. డై మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ రావచ్చు, ముందుగా ఇచ్చే అలర్జీ మందులు ఆపుతాయన్న నమ్మకం లేదు. అలాగని అవసరమైన పరీక్ష మానకూడదు. డై లేకుండా కుదురుతుందా అని అడగండి, కుదరకపోతే చేయించుకోండి. డిశ్చార్జ్ కాగితంలో ఈ సంగతి లేకపోతే నేను మళ్ళీ వెళ్ళి డై పేరు, మోతాదు, వాపు వచ్చిన తేదీ రాయించుకొచ్చాను. ఆ కాగితం, ఫొటో ఇప్పుడు నాన్న ఫైల్లో అన్నిటికంటే పైన ఉంటాయి.