ఫీజు రీయింబర్స్‌మెంట్ డేటా ఎక్కించేటప్పుడు ఇవి చూసుకోండి

ఐటీఐ, పాలిటెక్నిక్, డిగ్రీ కాలేజీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకి చెప్తున్నా. జ్ఞానభూమిలో, అంటే ఏపీ ప్రభుత్వం స్కాలర్‌షిప్ వెబ్‌సైట్‌లో, పిల్లల డేటా ఎక్కించేముందే అర్హత చూసేయండి. మేనేజ్‌మెంట్ కోటా, దూరవిద్య వాళ్ళకి రాదు, కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు దాటకూడదు, పొలమైతే కోవూరు వైపులాగా మాగాణయితే 10 ఎకరాల లోపు, కనిగిరి వైపులాగా మెట్టయితే 25 ఎకరాల లోపు ఉండాలి.

అసలు తలనొప్పంతా పేర్లతోనే. మన నెల్లూరులో పదో తరగతి మెమోలో షేక్ అని పూర్తిగా ఉంటది, ఆధార్‌లో ఎస్‌కే అని పొట్టిగా ఉంటది, ఇంటిపేరు ఒకదాంట్లో ముందు ఇంకోదాంట్లో వెనక, ఇట్టాంటివి అడ్మిషన్ రోజే రెండు జిరాక్సులూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించండి, మెమో మార్పించాలంటే చుక్కలు కనపడతాయి.

తర్వాత బ్యాంక్. ఖాతాకి ఆధార్ ఇచ్చినంత మాత్రాన సరిపోదబ్బా, ఎన్‌పీసీఐ మ్యాపింగ్, అంటే ఆధార్ మీద వచ్చే డబ్బులు ఏ బ్యాంకులో పడాలో చూపే లింక్, అది కూడా ఉండాలి, పిల్లోడు మధ్యలో ఇంకో బ్యాంకులో ఖాతా తెరిచి దానికి లింక్ చేయించుకున్నాడంటే నేరుగా వేసే డబ్బులు దాంట్లోకే పోతాయి, వాడేమో పాత పాస్‌బుక్ పట్టుకుని మీ మీదకొస్తాడు.

హాజరు 75 శాతానికి తగ్గకూడదు. నెలాఖర్లో కూర్చుని దిద్దుదామనుకోవద్దు, ఏరోజుది ఆరోజే. చదువు మానేసి చెన్నైకి పనికి పోయినోళ్ళని కూడా మానేసినట్టు వెంటనే చూపించేయండి, తనిఖీకొస్తే మొదట అడిగేది వాళ్ళనే.