దగ్గితే, బరువెత్తితే మూత్రం జారుతోందా? కటి కండరాలను ఇలా బాగుచేసుకోండి

గోపాలపురం రేవులో చేపల తట్ట నెత్తికెత్తుకునే ఆడవాళ్ళను అడగండి. గుణుపురం పక్క ఊడుపులకు వంగే కూలీలను అడగండి. బరంపురంలో రోజంతా నిలబడి పాఠం చెప్పే టీచరమ్మను అడగండి. దగ్గినప్పుడో, బరువెత్తినప్పుడో, పకపకా నవ్వినప్పుడో నాలుగు చుక్కలు జారి లంగా తడవడం వాళ్ళలో చాలామందికి తెలిసిన సంగతే. ‘‘ఏటి సేత్తాం, ముగ్గుర్ని కన్నాక ఇలాగే ఉంటాది’’ అని సర్దుకుపోతారు. మగవాళ్ళ ముందు ఈ మాట ఎవరూ ఎత్తరు. ఆడవాళ్ళ మధ్య కూడా నవ్వులాటగానే తేలిపోతుంది.

సర్దుకుపోవక్కర్లేదు. చాలామందిలో ఇది కండరాల లోపం. కండరం కాబట్టి ఏ వయసులోనైనా సాధన చేయించవచ్చు.

నడుము కింద, ముందువైపు ఎముక నుంచి వెనక తోకఎముక దాకా ఈ కండరాలు అడ్డంగా పరుచుకుని ఉంటాయి. మూత్రాశయం, గర్భసంచి, పెద్దపేగు చివరి భాగం వీటి మీదే ఆనుకుని ఉంటాయి. నవారు మంచం గుర్తు తెచ్చుకోండి: నవారు సాగితే పడుకున్న మనిషి కిందికి దిగిపోయినట్టే, ఈ కండరాలు సాగితే పైనున్నవి కిందికి జారతాయి, మూత్రం ఆగదు. కాన్పులో ఇవి బాగా సాగుతాయి. ఏళ్ళ తరబడి మలబద్ధకం, తగ్గని దగ్గు, రోజూ మోసే బరువులు, నెలసరి ఆగిపోయాక వచ్చే మార్పులు, ఒంటి బరువు అన్నీ కలిసి వాటిని ఇంకా వదులు చేస్తాయి.

ఈ వ్యాయామాలకు పేరు తెచ్చింది ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా గైనకాలజిస్టు, 1948లో. ఇప్పుడు ఫోన్లో ఏ వీడియో చూసినా ‘కెగెల్ చేయండి, బిగించండి’ అంటారు. నా అభ్యంతరం అక్కడే. ఏ కండరం బిగించాలో చెప్పకుండా ఎన్నిసార్లు బిగించాలో చెప్పేస్తున్నారు. 1991లో అమెరికాలో 47 మంది ఆడవాళ్ళకు నోటిమాటగా నేర్పించి పరీక్షించి చూస్తే, సరిగ్గా చేసినవాళ్ళు సగం కన్నా తక్కువ. నలుగురిలో ఒకరు మూత్రం ఇంకా జారేలా, రివర్సులో చేస్తున్నారు. అందుకే మొదటి మెట్టు దగ్గర తొందరపడకండి. ఓ వారం దానికే పోయినా నష్టం లేదు.

మొదట కండరాన్ని దొరకబుచ్చుకోండి

మూత్రానికి వెళ్ళొచ్చి, చాప మీద వెల్లకిలా పడుకోండి. మోకాళ్ళు మడిచి, పాదాలు నేలకు ఆనించండి. ఒళ్ళంతా వదులుగా ఉంచి రెండు మూడు సార్లు నిదానంగా ఊపిరి తీసి వదలండి.

ఇప్పుడు నలుగురిలో ఉండగా గ్యాస్ వచ్చేలా ఉంటే ఎలా ఆపుకుంటారో, అలా మలద్వారాన్ని బిగించండి. ఆ బిగింపును అలాగే ముందుకు తెచ్చి, మూత్రం ఆపుకున్నట్టు చేయండి. లోపల అంతా ముడుచుకుని పైకి లేచినట్టు అనిపించాలి. ఆ ‘పైకి’ అన్నదే అసలు గుర్తు. తర్వాత పూర్తిగా వదిలేయండి.

ఒక చెయ్యి పొట్ట మీద, ఇంకో చెయ్యి పిరుదు మీద ఉంచి మళ్ళీ చేసి చూడండి. పిరుదులు గట్టిపడుతున్నాయా? తొడలు దగ్గరకు నొక్కుకుంటున్నాయా? పొట్ట ఉబ్బుతోందా? ఊపిరి బిగబట్టారా? వీటిలో ఏది జరిగినా అసలు కండరం పని చేయడం లేదు, పక్కవాళ్ళు సాయం వచ్చారు. బలం సగానికి తగ్గించి మళ్ళీ ప్రయత్నించండి. గట్టిగా బిగించాలన్న పట్టుదలే చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది.

ఇంకా అనుమానంగా ఉంటే చెయ్యి శుభ్రంగా కడుక్కుని, యోనికీ మలద్వారానికీ మధ్యనున్న చర్మం మీద వేలు ఆనించండి. బిగించినప్పుడు చర్మం వేలికి దూరంగా లోపలికి పోవాలి. వేలిని బయటికి తోస్తున్నట్టుంటే మీరు ముక్కుతున్నారన్నమాట. అక్కడితో ఆపేయండి. అలాగే కొనసాగిస్తే మేలు కన్నా కీడే ఎక్కువ. ఇది మన ఒళ్ళే, చూసుకోవడంలో సిగ్గుపడాల్సింది లేదు.

మూత్రం పోస్తూ మధ్యలో ఆపడం వ్యాయామం అని చాలామంది నమ్ముతారు. కండరం ఇదేనా అని ఎప్పుడో ఒకసారి చూసుకోవడానికి తప్ప, రోజూ అలా చేయకూడదు. మూత్రాశయం పూర్తిగా ఖాళీ కావడం తప్పిపోతుంది.

వదలడం కూడా నేర్చుకోవాలి

పిడికిలి రోజంతా బిగించి ఉంచిన చేత్తో ఏ పనీ కాదు. బిగించినంత సేపూ, అంతకన్నా కాస్త ఎక్కువసేపూ వదలాలి. పొట్ట మీద చెయ్యి వేసుకుని ముక్కుతో ఊపిరి తీయండి. పొట్ట మెల్లగా పైకి లేస్తుంది, కింది కండరాలు వాటంతటవే వదులవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు బిగించండి.

కొందరికి అసలు జబ్బు వదులు కాదు, బిగుతు. కలయికలో నొప్పి, మూత్రం మొదలుపెట్టడానికి చాలాసేపు పట్టడం, విరేచనం బయటికి రాకుండా అడ్డుకున్నట్టు ఉండడం, కటి భాగంలో ఎప్పుడూ లాగుతున్న నొప్పి... ఇవి ఉన్నవాళ్ళు బిగించే వ్యాయామం జోలికి పోవద్దు. ముందు ఊపిరి సాధన మాత్రం చేస్తూ ఫిజియోథెరపిస్టును కలవాలి. బిగుసుకున్నదాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది.

ఎన్నిసార్లు, ఎంతసేపు

బిగించి మూడు అంకెలు లెక్కపెట్టండి, ఆరు అంకెలు వదలండి. ఇలా ఎనిమిది సార్లు. రోజుకు మూడు పూటలు. బ్రిటన్‌లో నైస్ అనే వైద్య మార్గదర్శక సంస్థ చెప్పేది కూడా ఇంచుమించు ఇదే: పూటకు కనీసం 8 బిగింపులు, రోజుకు 3 పూటలు, కనీసం 3 నెలలు, అదీ నేర్పేవాళ్ళ పర్యవేక్షణలో. మూడు అంకెలు సులువయ్యాక ఐదు, తర్వాత మెల్లగా పది దాకా వెళ్ళండి. మధ్యలోనే పట్టు జారిపోతుంటే అది మీ ఇవాళ్టి హద్దు, అక్కడే ఆగండి.

ప్రతి పూటా చివర్లో, వెంటవెంటనే బిగించి వెంటనే వదిలేసే చురుకైనవి ఓ పది చేయండి. దగ్గు, తుమ్ము చెప్పి రావు కాబట్టి కండరానికి ఆ వేగం కూడా కావాలి.

మొదటి రెండు వారాలు పడుకునే చేయండి. తర్వాత కూర్చుని, ఆ తర్వాత నిలబడి. మూత్రం జారేది నిలబడి ఉన్నప్పుడే కదా, చివరికి సాధన అక్కడికే చేరాలి. గుర్తుండడానికి ఏదో ఒక ఇంటిపనికి జత చేయండి: పొద్దున్న టీ మరిగేటప్పుడు, మధ్యాహ్నం నడుం వాల్చినప్పుడు, రాత్రి పక్క వేసుకున్నాక.

ఆరేడు వారాలకు తేడా తెలియడం మొదలవుతుంది. మూడు నెలలు కాకుండా ‘పని చేయలేదు’ అనకండి. తగ్గిపోయిందని మానేస్తే మళ్ళీ వదులవుతాయి, కాబట్టి తర్వాత కూడా రోజుకు ఒక పూటైనా ఉంచుకోవాలి.

పనిలో వాడుకోవడం

చాప మీద ఎంత బాగా చేసినా, తట్ట ఎత్తేటప్పుడు గుర్తు రాకపోతే ఫలితం సగమే. దగ్గు వస్తోందనగానే, తుమ్మబోయే ముందు, బిందె ఎత్తబోయే ముందు ఒక్క క్షణం ముందుగా బిగించండి. 1998లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ కిటుకును పరీక్షించారు. సమస్య తేలికగా ఉన్న ఆడవాళ్ళలో కొందరికి వారంలోనే దగ్గినప్పుడు జారే మూత్రం బాగా తగ్గింది. వారంలో కండరం బలపడదు. సమయానికి బిగించడం వచ్చిందంతే.

బరువు విషయంలో ఇంకో జాగ్రత్త. ఊపిరి బిగబట్టి ‘హుప్’ అని లేపితే పొట్టలోని ఒత్తిడంతా కిందికే పోతుంది. బరువును ఒంటికి దగ్గరగా తెచ్చుకుని, కింద బిగించి, ఊపిరి వదులుతూ లేవండి. తట్టను నేల మీంచి ఒక్కరే ఎత్తుకోకుండా పక్కావిడ చేత ఎత్తించుకోండి. ఎలాగూ రేవులో ఒకరికొకరు చెయ్యి వేసే అలవాటు ఉన్నదే.

అడ్డపొగ తాగే పెద్దవాళ్ళు ఇంకా మన పల్లెల్లో ఉన్నారు. చుట్ట వల్ల దగ్గు నిలిచిపోతే ఈ వ్యాయామం ఒక చేత్తో కట్టి రెండో చేత్తో విప్పడమే.

నీళ్ళు, పత్యం, దొడ్డి

పొలానికి వెళ్ళే ఆడవాళ్ళు పొద్దుట్నుంచీ నీళ్ళు తాగకుండా ఉండడం నాకు కోపం తెప్పించే విషయం. కోపం వాళ్ళ మీద కాదు. చుట్టుపక్కల చాటు లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? కానీ నీళ్ళు తగ్గితే మూత్రం చిక్కబడి మంట పెడుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది. బాలింతకు నీళ్ళు చుక్క లెక్కన ఇచ్చే పత్యం కూడా అంతే. కుట్లు పచ్చిగా ఉన్న మనిషి విరేచనానికి ముక్కాల్సి వస్తే, ఆ బలం పడేది కాన్పులో నలిగిన ఈ కండరాల మీదే. అత్తగారితో వాదన పెట్టుకోలేకపోతే డాక్టరమ్మ చేతనో, ఆశా దీదీ చేతనో చెప్పించండి. గోరువెచ్చని నీళ్ళు అంటే చాలామంది పెద్దవాళ్ళు ఒప్పుకుంటారు.

చోడి అంబలి, ఆకుకూరలు, చిక్కుళ్ళు మన ఇళ్ళలో కొదవ కాదు. విరేచనం సాఫీగా కావడానికి అవి చాలు. కింద కూర్చునే దొడ్డి అలవాటున్నవాళ్ళకు భంగిమ సరిగానే ఉంటుంది. కమోడ్ వాడేవాళ్ళు పాదాల కింద చిన్న పీట వేసుకుని, ముందుకు వంగి కూర్చోండి. ముక్కకండి.

గంటకోసారి మూత్రానికి పరిగెత్తే బాధ వేరే ఉంది. వాళ్ళు మూడు రోజులు ఒక కాగితం మీద ఎప్పుడు వెళ్ళారో, ఎప్పుడు జారిందో రాసుకోవాలి. తర్వాత వెళ్ళే వ్యవధిని పావుగంట చొప్పున పెంచుకుంటూ పోవాలి. తొందర వచ్చినప్పుడు పరిగెత్తకుండా ఉన్నచోటే ఆగి, ఐదారు సార్లు చురుగ్గా బిగించి వదలండి. ఆ ఉధృతి తగ్గాక నడవండి. టీలు తగ్గించి చూడండి. పర్లాకిమిడి బస్సు ఎక్కే ముందు ఒకసారి వెళ్ళడం తప్పు కాదు, ఇంట్లో ఉన్నా ‘ఎందుకైనా మంచిది’ అని వెళ్తూ ఉండడమే తప్పు.

కాన్పయ్యాక ఎప్పుడు?

మూత్రం మామూలుగా అవుతుంటే, నొప్పి లేనంత మేరకు మొదటి రోజుల నుంచే మెల్లగా మొదలుపెట్టవచ్చు. మూత్రానికి గొట్టం వేసి ఉంటే తీసేదాకా ఆగండి. ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళకూ ఇది అవసరమే, తొమ్మిది నెలల బరువు మోసింది ఆ కండరాలే. కడుపుతో ఉన్నప్పుడు మొదలుపెడితే ఇంకా మంచిది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి?

కింద ఏదో జారినట్టు, సాయంత్రానికి బరువు దిగినట్టు, చేతికి ఉండలా తగిలినట్టు ఉంటే అది గర్భసంచో, మూత్రాశయమో జారడం కావచ్చు. తక్కువగా జారితే ఈ వ్యాయామాలే సాయపడతాయి. ఎక్కువైతే లోపల పెట్టే రింగు ఉంది, ఆపరేషనూ ఉంది. ‘గర్భసంచి తీయించేసుకుంటే పీడా పోతుంది’ అన్న సలహా మాత్రం చెవిన పెట్టకండి. సంచి తీసేసినంత మాత్రాన వదులైన కండరాలు బిగుసుకోవు.

మూత్రంలో రక్తం, మంటతో జ్వరం, నెలసరి ఆగాక మళ్ళీ రక్తం కనబడడం, కష్టకాన్పు తర్వాత రాత్రింబవళ్ళు ఆగకుండా మూత్రం కారడం, ఇవి ఇంట్లో వ్యాయామంతో పోయేవి కావు. నడుం నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారి, మూత్రం మీద అదుపు ఒక్కసారిగా తప్పితే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

గంజాం, గజపతి వైపువాళ్ళకు బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రి, జయపురం వైపువాళ్ళకు కోరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉన్నాయి. రాయగడ నుంచి పార్వతీపురం, విజయనగరం మీదుగా రైల్లో విశాఖ కె.జి.హెచ్.కు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ముందు గైనకాలజీ ఓపీలో చూపించుకుని, ఫిజియోథెరపీకి రాయమని మీరే అడగండి. అడగకపోతే మందులతోనే పంపేసే అవకాశం ఉంది. మూడు రోజులు రాసిన కాగితం వెంట తీసుకెళ్ళండి. తెలుగు రాని డాక్టరైతే ఒడియాలో ‘కాశిలే పరిస్రా బాహారి జాఉచి’ అంటే చాలు, దగ్గితే మూత్రం పోతోందని అర్థమైపోతుంది. కండరం పట్టు తెలుసుకోవడానికి యోనిలో వేలు పెట్టి చూస్తామంటారు. ఆడ డాక్టరు కావాలని అడగవచ్చు, తోడుగా అక్కనో వదిననో లోపలికి రానివ్వమనవచ్చు, ఇవాళ వద్దు అని కూడా చెప్పవచ్చు.