లావు పిన్ను ఒక్కటే సరిపోదండి: రాచెట్ కొక్కెం, దాని పిన్ను గట్టిగా చేయించుకోవడం ఎలా

1852లో కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేసిన దగ్గర్నుంచి మన డెల్టా బతుకంతా తలుపులు ఎత్తడం దించడం మీదే కదండి. చెరువు తూము షట్టరు, రేవులో పడవని పైకి లాగే చేతి వించి, ట్రాలీకి ట్రాక్టర్ హుక్కు, ఏది చూసినా బరువంతా చివరికి ఒక చిన్న ఇనప ముక్క మీదే ఆగుతుంది, ఆ ముక్క ఆగితే అంతా ఆగినట్టు, అది జారితే హ్యాండిల్ గిర్రున వెనక్కి తిరిగి చెయ్యి విరుగుతుంది. నేను చెప్పబోయేది ఆ ముక్క గురించే, అంటే రాచెట్ చక్రం పళ్ళలో పడి వెనక్కి తిరగకుండా ఆపే కొక్కెం (లేత్ షాపులో పాల్ అంటారు), అది తిరిగే పిన్ను. ఒక మాట ముందే చెప్తున్నా, ఇది మీ సొంత చెరువు, సొంత వించి వరకే. కాలవ మీద షట్టర్లు ఇరిగేషన్ వాళ్ళవి, వాటి జోలికి వెళ్ళకండి.

విరిగిన ముక్క పట్టుకెళ్ళి షాపులో ఇస్తే నూటికి తొంభై మంది చెప్పేది ఒకటే, "ఇంకో సైజు లావు వేసేద్దాం బాబూ" అని. వేస్తారు, కొన్నాళ్ళకి అది కూడా అక్కడే పోతుంది. అందుకని ముందు విరిగిన ముఖాన్ని వెలుతురులో పెట్టి చూడండి. పిన్ను వంగి, సాగి, మాసిన బూడిద రంగులో తెగితే అది ఒక్కసారిగా ఎక్కువ లోడు పడి పోయినట్టు. ఏమాత్రం వంగకుండా పంచదార పలుకుల్లా మెరుస్తూ టక్కున విరిగితే ఇనుము మరీ పెళుసుగా ఉంది, అంటే టెంపరు (గట్టిపరిచాక మళ్ళీ కొంచెం వేడి చేసి పెళుసు తగ్గించడం) తప్పు. ఒక మూల నుంచి మొదలై నున్నగా, అల అల కింద గీతలు పడుతూ వెళ్ళి, చివర్లో కొంచెం మేర మాత్రం గరుగ్గా ఉంటే అది మెల్లమెల్లగా పాకిన పగులు. మన సైడు ఎక్కువగా కనిపించేది ఈ మూడోదే. అలాంటప్పుడు ఆ గీతలు ఏ మూల దగ్గర మొదలయ్యాయో చూసుకోండి, రిపేరు చేయాల్సింది అక్కడే.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం, భయపడకండి, ఫోన్ కాలిక్యులేటర్ చాలు. షట్టరు బరువు, నీటి ఒత్తిడికి గాడిలో పట్టేసే రాపిడి కలిపి తాడు మీద 1000 కేజీలు అనుకోండి. తాడు చుట్టుకునే డ్రమ్ము వ్యాసం 150 మిల్లీమీటర్లు, అంటే మధ్య నుంచి 75. అదే షాఫ్టు మీద ఉన్న రాచెట్ చక్రం మధ్య నుంచి కొక్కెం పడే చోటికి 100. అప్పుడు కొక్కెం మీద పడేది 1000 ని 75 తో గుణించి 100 తో భాగిస్తే 750 కేజీలు. కానీ హ్యాండిల్ వదిలినప్పుడు చక్రం కాస్త వెనక్కి వచ్చి టక్ మని కొక్కేనికి కొట్టుకుంటుంది, ఆ దెబ్బకి కనీసం రెట్టింపు పెట్టుకోవాలి, అంటే 1500 కేజీలు. పిన్ను 16 మిల్లీమీటర్లు అయితే దాని అడ్డకోత 201 చదరపు మిల్లీమీటర్లు, అంటే చదరపు మిల్లీమీటరుకి ఏడున్నర కేజీల కోత (పిన్నుని అడ్డంగా తెంచే బలం). మామూలు మైల్డ్ స్టీలు కోతలో 14 దాకా తట్టుకుంటుంది. ఇది చూసి అందరూ ఓకే అనేస్తారు.

అసలు సంగతి వంపులో ఉందండి. పిన్నుని ఒక పక్క ప్లేటుకి వెల్డు చేసి, రెండో కొస గాల్లో వదిలేసి, దానికి కొక్కెం తగిలిస్తారు, చూశారు కదా చాలా చోట్ల. ప్లేటు నుంచి కొక్కెం మధ్యకి 12 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 1500 ఇంటూ 12 అంటే 18,000. 16 పిన్ను వంపుకి ఎదురు నిలిచే లెక్క, అంటే 16 ఇంటూ 16 ఇంటూ 16 చేసి, 3.14 తో గుణించి, 32 తో భాగిస్తే 402. 18,000 ని దాంతో భాగించండి, చదరపు మిల్లీమీటరుకి దాదాపు 45 కేజీలు వస్తుంది, మైల్డ్ స్టీలు 25 దగ్గరే వంగిపోతుంది! కోతలో పాసై వంపులో ఘోరంగా ఫెయిల్ అన్నమాట. 20 పిన్ను వేస్తే 23 కి దిగుతుంది, అంటే అంచు మీద ఉన్నట్టే, మార్జిన్ ఏం లేదు. అదే పాత 16 పిన్నుకి రెండో పక్కన కూడా ఒక ప్లేటు పెట్టి రెండు కొసలూ పట్టించారనుకోండి, ప్లేట్ల మధ్య 24 దూరానికి బరువంతా ఒక్క బిందువు మీదే పడిందని గట్టిగా లెక్కేసినా 22 దగ్గర ఆగుతుంది, నిజానికి బరువు కొక్కెం వెడల్పంతా పరుచుకుంటుంది కాబట్టి అందులో సగానికి దగ్గర్లో ఉంటుంది. కోత కూడా రెండు చోట్లకి పంచుకుని సగమైపోతుంది. ఒక ప్లేటు ముక్క, రెండు బోల్టులు, అంతే ఖర్చు. కాబట్టి ముందు రెండో పక్క ఆధారం, ఆ తర్వాతే లావు. కొక్కేనికి ప్లేట్లకి మధ్య సందు కూడా పెద్దగా ఉంచకండి, ఊగకుండా తిరిగేంత ఉంటే చాలు.

తర్వాత మూలలు. పిన్నుకి మెట్టు తీసినప్పుడు టర్నర్ పదునైన టూలుతో సరిగ్గా తొంభై డిగ్రీల మూల తీస్తాడు, చూడ్డానికి నీటుగా ఉంటుంది, పగులు పుట్టేది సరిగ్గా అక్కడే. బలం సాఫీగా పారాల్సింది ఆ మూల దగ్గర ఇరుక్కుని రెండింతలు పైనే అయిపోతుంది. టూలు ముక్కు గుండ్రంగా గ్రైండ్ చేయించి ఆ మెట్టు దగ్గర కనీసం 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల గుండ్రం ఉంచమని చెప్పండి, చెప్పకపోతే చేయరు, డ్రాయింగ్ కాయితం మీద రాసివ్వండి. రాచెట్ పంటి అడుగున కూడా అంతే, గ్యాస్ కట్టర్‌తో కోసి వదిలేసిన పళ్ళ అడుగున గీతలు, గట్టిపడిన పొర రెండూ ఉంటాయి, రెండు మిల్లీమీటర్లు ఎక్కువ వదిలి కోయించి మిగతాది మిల్లింగ్ లోనో ఆకురాయితోనో తీయించాలి. డ్రమ్ము షాఫ్టు కీవే (డ్రమ్ము జారకుండా కీ పెట్టే గాడి) సంగతీ ఇదే, కొసన నిలువుగా ఆగిపోయే గాడి కన్నా పడవ అడుగులా ఏటవాలుగా పైకి లేచి తేలిపోయే గాడి మేలు. గ్రీజు రంధ్రం పిన్నుకి అడ్డంగా మధ్యలో పెడతారు కొందరు, బలం ఎక్కువ పడే చోటే బొక్క పెట్టినట్టు అవుతుంది, కొస నుంచి వేయించండి లేదా కొక్కెం బుష్‌లోనే (పిన్ను తిరిగే గొట్టం ముక్క) పెట్టించండి.

కోణం మాట. ఇది తప్పితే ఎంత గట్టి స్టీలు వేసినా దండగే, ఎందుకంటే కొక్కెం విరగదు, జారుతుంది. చక్రం మధ్య నుంచి కొక్కెం ఆనే చోటికి ఒక గీత గీయండి, అక్కడి నుంచి కొక్కెం పిన్నుకి ఇంకో గీత, రెండింటి మధ్యా తొంభై డిగ్రీలు ఉండాలి, సుమారుగా అయినా సరే. ఇక పంటి ముఖం సరిగ్గా చక్రం మధ్యకి చూసేలా కోస్తే లోడు పడ్డప్పుడు కొక్కెం లోపలికీ లాగబడదు బయటికీ తోయబడదు, స్ప్రింగు దయ మీద ఉంటుంది, పళ్ళు కాస్త అరిగి కొస గుండ్రమైతే ఇంక బయటికే. అందుకని పంటి కొస కొక్కెం వైపు వాలి, అడుగు లోపలికి పోయేలా 12 నుంచి 15 డిగ్రీలు కోయించండి. గ్రీజు రాసిన ఇనుము మీద ఇనుము జారే కోణం ఎనిమిది తొమ్మిది డిగ్రీలు, దానికన్నా ఎక్కువ వాలు ఉంది కాబట్టి లోడు పడితే కొక్కెం తనంతట తనే అడుగుదాకా దిగుతుంది. కొక్కెం ముక్కు కూడా అదే కోణానికి ఉండాలి. ఇలా చేస్తే లోడు మీద ఉండగా కొక్కెం చేత్తో లేపలేరు, ముందు హ్యాండిల్ కొంచెం ఎత్తాలి, కూలి వాళ్ళు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. లోడు మీద ఉండగా సుత్తితో కొట్టి కొక్కెం లేపే వీలు ఉండకపోవడమే మనకి కావాల్సింది.

కొక్కెం పంటికి ఆనే ముఖం గురించి కూడా చూడాలి. కొక్కెం మందం 12, పంటి లోతు 6 అంటే ఆనే చోటు 72 చదరపు మిల్లీమీటర్లు, 1500 పడితే చదరపు మిల్లీమీటరుకి 21 కేజీలు. పర్లేదు అనిపిస్తుంది గానీ అది మొత్తం ముఖం ఆనితేనే. పిన్ను కొంచెం వంకరగా ఉండి సగమే ఆనితే 42, అప్పుడు మైల్డ్ స్టీలు అంచు నలిగి పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఫిట్టర్లు వాడే బ్లూ రంగు పల్చగా పంటికి రాసి, కొక్కెం నొక్కి లేపి చూడండి, రంగు ఎంత మేర అంటిందో అంతే ఆనుతున్నట్టు. మూడొంతులకి తగ్గితే ఆకురాయి పట్టాల్సిందే. రెండు కొక్కేలు పెడితే బలం రెట్టింపు అనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, రెండూ ఒకేసారి పడేలా పెట్టినా వాటి మధ్య పదో వంతు మిల్లీమీటరు తేడా ఉంటే లోడంతా ముందు ఆనినదే మోస్తుంది, రెండోది ఊరికే చూస్తూ ఉంటుంది. కాబట్టి ఒక్కో కొక్కేన్నీ మొత్తం లోడుకే లెక్కేయండి. రెండోది పెట్టాలంటే సగం పన్ను ఎడంగా పెట్టండి, అప్పుడు చక్రం వెనక్కొచ్చే దూరం సగమై దెబ్బ తగ్గుతుంది, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుంది.

ఇనుము విషయానికొస్తే పిన్నుకీ కొక్కేనికీ ఈఎన్8 (మధ్యస్థంగా కార్బన్ ఉన్న స్టీలు రకం) చాలు, తణుకులోనో రాజమండ్రిలోనో రాడ్డు దొరుకుతుంది, లోడు బాగా ఎక్కువైతే ఈఎన్19. ఈఎన్24 దాకా అక్కర్లేదు, డబ్బులు దండగ. ఈఎన్8 ని నీరు పట్టించి టెంపరు చేయిస్తే 40 కేజీలు దాటి తట్టుకుంటుంది, మైల్డ్ స్టీలుకి ఒకటిన్నర రెట్లు పైనే. పిన్ను లోపల దాకా జిగటగా ఉండాలి, కొక్కెం ముక్కు మాత్రమే గట్టిగా ఉండాలి, ఈ రెండూ కలపకండి. ముక్కు వరకే ఎర్రగా కాల్చి ముంచి, తర్వాత తప్పకుండా టెంపరు చేయించాలి, నీళ్ళలోంచి తీసింది తీసినట్టే బిగిస్తే మొదటి దెబ్బకే పెచ్చు లేస్తుంది. మైల్డ్ స్టీలుని ఎంత కాల్చి ముంచినా గట్టిపడదు, దాంట్లో కార్బన్ చాలా తక్కువ, దానికి కేస్ హార్డెనింగే (పై పొరకి కార్బన్ ఎక్కించి గట్టిపరచడం) దారి. లారీ కమాన్ పట్టీ ముక్కతో కొక్కెం చేసేవాళ్ళున్నారు, ఇనుము మంచిదే గానీ లారీ కింద ఏళ్ళ తరబడి ఊగి అలిసిపోయిన ముక్క అది, కంటికి కనపడని పగుళ్ళు ఉండొచ్చు, నేనైతే మనుషులు పక్కన నిలబడే చోట వాడను. ప్లేటులోంచి కొక్కెం కోయిస్తే రోలింగ్ పోగు (ప్లేటు తయారీలో ఇనుము సాగిన దిశ) కొక్కెం పొడుగునా వచ్చేలా కోయించండి. ఇంకోటి, అరిగిన ముక్కు మీద వెల్డింగ్ ముద్ద వేసి గ్రైండ్ చేయడం, ఈఎన్8, ఈఎన్19 లాంటివి చల్లగా ఉండగా వెల్డు పెడితే పక్కనే పెళుసు పొర ఏర్పడి అక్కడే పగులుతుంది. కొత్త కొక్కెం ఖరీదు ఎంతని!

ట్రాలీ హుక్కు పిన్ను గురించి రెండు ముక్కలు, చెరకు సీజన్‌లో అడుగుతారు కాబట్టి. పిన్ను బదులు బోల్టు వేస్తే 8.8 అని తల మీద ఉన్నదే వేయండి, అది 64 కేజీల దాకా వంగదు, కానీ మరలు కోత పడే చోటికి రాకూడదు, నున్నటి ఒళ్ళే రెండు ప్లేట్ల మధ్యా ఉండాలి. కొసన ఆర్ క్లిప్పు, దానికి గొలుసు. రంధ్రం కోడిగుడ్డులా సాగిపోతే కొత్త పిన్ను వేసి లాభం లేదు, బుష్ వేయించాలి.

భీమవరం, ఆకివీడు, నరసాపురం వైపు రొయ్యల చెరువులకి ఇంకో తలనొప్పి ఉప్పు. తుప్పు గుంటే పగులుకి మొదటి మెట్టు, అందుకే నెలకోసారి కొక్కెం తీసి తుడిచి గ్రీజు పెట్టడం మంచిది. 304 స్టెయిన్‌లెస్ పిన్ను వేస్తే తుప్పు రాదనుకుంటారు, ఉప్పు నీళ్ళకి దానికీ గుంటలు పడతాయి, పైగా స్టెయిన్‌లెస్ మీద స్టెయిన్‌లెస్ రాసుకుంటే పట్టేస్తుంది, వేయాలంటే 316 వేసి కంచు బుష్ పెట్టండి. జింక్ ప్లేటింగ్ మామూలు పిన్నుకి పర్లేదు. బాగా గట్టిపరిచిన ముక్కకి మాత్రం యాసిడ్‌లో ముంచి ప్లేటింగ్ చేస్తే హైడ్రోజన్ లోపలికి దిగి, బిగించిన రెండు మూడు రోజులకి ఏ లోడూ పెరగకుండానే టక్కున విరుగుతుంది. చేయించక తప్పదంటే ప్లేటింగ్ అయిన నాలుగు గంటల్లోపే 200 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఓవెన్‌లో ఉంచే షాపులోనే చేయించండి, లేదంటే పెయింటు, గ్రీజు చాలు.

అంతా బిగించాక టెస్టు లేకుండా వాడకండి. షట్టరుకి బదులు ఇసక బస్తాలు కట్టి మామూలు లోడుకి పావు వంతు ఎక్కువ, అంటే మన లెక్కలో 1250 కేజీలు, నేల మీంచి జానెడు ఎత్తుకి లేపి కొక్కెం మీద వదిలి పది నిమిషాలు ఉంచండి, కింద గానీ హ్యాండిల్ తిరిగే దారిలో గానీ ఎవరూ ఉండకూడదు. దించాక పిన్ను తీసి గాజు పలక మీద దొర్లించండి, ఎక్కడైనా ఎగిరిందంటే వంగింది. మూలల మీద ఎర్ర రంగు పెనెట్రెంట్ స్ప్రే కొట్టి, కాసేపు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగులు ఉన్న చోట ఎర్ర గీత పైకి వస్తుంది. గీత వస్తే ఆ ముక్క పక్కన పడేయండి, గ్రైండ్ చేసి మళ్ళీ వాడొద్దు.

ఇంకా కొత్తగా తూము కట్టించుకునేవాళ్ళయితే చిన్న షట్టరుకి అసలు డ్రమ్ము, రాచెట్ ఎందుకండి, మర రాడ్డు హాయిస్టు పెట్టించుకోండి. ఒకే పోగు మర, వాలు తక్కువ, రాపిడికే ఆగిపోతుంది, వెనక్కి తిరగదు, తిప్పడం నెమ్మదే గానీ ఈ కొక్కెం గొడవంతా ఉండదు.