ఆర్‌పీఎం ముల్లు పడిపోయిందా? కేబుల్ కొనేముందు ఇవి చూడండి

మొదటి టాకోమీటర్ కేబుల్ విశాఖ బీచ్ రోడ్డులో తెగింది. రెండోది నెల తిరక్కుండానే హనుమంతవాక దగ్గర. మూడోది బిగించుకుని ఇంటికి చేరేలోపే పోయింది. బండి రాజ్‌దూత్ 350. యమహా ఆర్‌డీ350 డిజైన్‌తో ఎస్కార్ట్స్ వాళ్ళు 1983లో మొదలుపెట్టిన రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్. దాని మీద స్పీడోమీటర్ పనిచేయకపోయినా నడిపేస్తాం గానీ, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో (ఆర్‌పీఎం) చూపే టాకోమీటర్ ముల్లు పడుకుంటే బండిలో ప్రాణం లేనట్టు ఉంటుంది.

మూడోసారి జ్ఞానాపురంలో ఒక పాత మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కేబుల్ వంక చూడను కూడా లేదు. మీటర్ కింద నట్టు విప్పి, సన్నటి స్క్రూడ్రైవర్ మొన లోపలికి పెట్టి తిప్పబోయాడు. తిరగలేదు. "మీటరే బిగిసిపోయుంటే కేబుల్ ఏటి చేస్తాది బాబూ?" అన్నాడు. మూడు కేబుళ్ళ డబ్బు ఆ ఒక్క మాటతో లెక్క తేలిపోయింది.

ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే. కేబుల్ తెగడం రోగం కాదు, రోగ లక్షణం. ఈ మొత్తం వ్యవస్థలో ఎక్కువగా ముందు పోయేది అదే. అది ఎందుకు తెగిందో చూడకుండా కొత్తది వేస్తే అదీ తెగుతుంది. తెగకుండా మొండికేస్తే ఇంజన్‌లో గేరు పళ్ళు పోతాయి, అది ఇంకా పెద్ద ఖర్చు.

లోపల ఏం జరుగుతుంది

ఇంజన్‌లో తిరిగే ఒక షాఫ్టు మీద స్క్రూ మరలాగా చెక్కిన వార్మ్ గేరు ఉంటుంది. దానికి అడ్డంగా ఒక చిన్న పళ్ళచక్రం ఆనుకుని తిరుగుతుంది. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్టు ఇంజన్ పైభాగంలో, అంటే హెడ్‌లో ఉండే పాత ఫోర్-స్ట్రోక్ బళ్ళలో చాలావాటికి ఈ ఏర్పాటు హెడ్ మీదే కనిపిస్తుంది. టూ-స్ట్రోక్‌లో క్యామ్ అనేదే లేదు కాబట్టి ఇంజన్ కింది పెట్టె, అంటే క్రాంక్‌కేస్‌లోని గేర్ల నుంచి తీసుకుంటారు. మీ బండిలో ఎక్కడో తెలియకపోతే మీటర్ నుంచి కేబుల్ పట్టుకుని కిందికి వెళ్ళండి, అది దూరే చోటే డ్రైవ్.

కేబుల్ అంటే నల్లటి తొడుగులో తిరిగే ఉక్కు తీగ. దాని కొసలు ఎక్కువగా నలుచదరంగా ఉంటాయి. ఆ తీగ పైన మీటర్‌లో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ పల్చటి అల్యూమినియం గిన్నె, గిన్నెకి ముల్లు. అయస్కాంతం, గిన్నె ఒకదానికొకటి తగలవు. అయస్కాంతం తిరుగుతుంటే గిన్నెలో విద్యుత్ పుట్టి, ఆ బలానికి గిన్నె కూడా తిరగబోతుంది. వెంట్రుకంత సన్నటి స్ప్రింగ్ దాన్ని వెనక్కి లాగి పడుతుంది. ఇద్దరూ సరిసమానంగా లాగిన చోట ముల్లు నిలబడుతుంది. ఇది బుర్రలో పెట్టుకుంటే కింద చెప్పేవన్నీ అవే అర్థమవుతాయి.

ముల్లు అసలు కదలడం లేదు

వ్యవస్థని మధ్యకి విరిచి చూడాలి. మీటర్ కింద కేబుల్ నట్టు విప్పండి. నట్టు బిగిసిపోయి ఉంటే పట్టకారకి గుడ్డ చుట్టి విప్పండి, లేకపోతే అంచులు అరిగిపోతాయి. బండి న్యూట్రల్‌లో పెట్టి స్టార్ట్ చేసి, కేబుల్ పైకొసలోకి చూడండి. వేలు పెట్టకండి.

తీగ నిదానంగా, ఆగకుండా తిరుగుతుంటే కింద అంతా బాగున్నట్టే, తప్పు మీటర్‌ది. తిరగకపోతే ఇంజన్ ఆపి కింది కొస కూడా విప్పి తీగ బయటికి లాగండి. రెండు ముక్కలుగా వస్తే తెగింది. ఒకే ముక్కగా వస్తే నేల మీద పరిచి ఒక కొసని వేళ్ళతో తిప్పండి, రెండో కొస కూడా అంతే తిరగాలి. కొసల్లో నలుచదరం అరిగి గుండ్రంగా మారిందేమో చూడండి. అలా మారితే అది గాడిలో జారుతూ ఉంటుంది.

తీగ బాగుంటే ఇంజన్ దగ్గర రంధ్రంలోకి టార్చి కొట్టి, ఎవరిచేతనైనా కిక్ నెమ్మదిగా తొక్కించండి. లోపలి గాడి తిరగాలి. ఇంజన్ స్టార్ట్ చేసి చూడాలనుకుంటే రంధ్రం చుట్టూ గుడ్డ పెట్టుకోండి, నూనె మొహాన పడుతుంది. ఈ సలహా అనుభవంతో ఇస్తున్నదే.

కేబుల్ తెగిందని తేలినా అక్కడితో ఆగకండి. కొత్తది వేసేముందు పాత తీగ ముక్క ఒకటి మీటర్ గాడిలో పెట్టి వేళ్ళతో తిప్పండి. వెన్నలా తిరగాలి. గరుకుగా, పట్టి పట్టి తిరిగితే లోపల ఇరుసుని పట్టి ఉంచే ఇత్తడి బుష్ ఎండిపోయిందన్నమాట. కింద నుంచి బుష్ మీద కుట్టుమిషను నూనె ఒక్క చుక్క వేసి, నానబెట్టి, మళ్ళీ తిప్పి చూడండి. నా మీటర్‌కి రెండు రోజుల్లో మూడు చుక్కలు పట్టాయి. గ్రీజు మాత్రం దాని జోలికి రానివ్వకండి.

ముల్లు ఊగుతోంది, ఎగిరెగిరి పడుతోంది

పదిలో ఎనిమిదిసార్లు కేబులే. తీగ తొడుగులో నున్నగా తిరగడం లేదు. పట్టుకుంటుంది, మెలితిరుగుతుంది, ఒక్కసారిగా విడుస్తుంది. ముల్లు ఆ గంతులే చూపిస్తుంది. కీచుమని చప్పుడు కూడా వస్తుంటే ఇక అనుమానమే అక్కర్లేదు.

మన ఊళ్ళో దీనికి ముఖ్య కారణం ఉప్పుగాలి. పెదవాల్తేరు, లాసన్స్ బే, రుషికొండ పక్క ఉన్నవాళ్ళ బళ్ళలో తొడుగు పైకి కొత్తగానే ఉన్నా లోపల ఎర్రగా తుప్పు పట్టి ఉంటుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా బండి మీది కవర్ ఎగిరిపోయి, రోజంతా వానలో నిలబడింది. ఆ తర్వాత లాగిన తీగ రంపంలా ఉంది. తుప్పు అలా గుంటలు పడేదాకా వచ్చిందంటే నూనె రాసి లాభం లేదు, మార్చేయాలి. పైపైన ఉంటే కిరసనాయిలుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండబెట్టి, పల్చగా గ్రీజు పూసి తిరిగి వేయొచ్చు.

గ్రీజు విషయంలో ఒక్క జాగ్రత్త: పైన, మీటర్ వైపు, ఒక జానెడు పొడిగా వదిలేయండి. తీగ చుట్లు స్క్రూ మరలాగా ఉంటాయి కదా, తిరిగేకొద్దీ గ్రీజుని పైకి ఎక్కిస్తాయి. అది మీటర్‌లోకి వెళ్ళి అయస్కాంతానికీ గిన్నెకీ మధ్య చేరితే ముల్లు పైన అతుక్కుపోతుంది. చిక్కటి గ్రీజు కూడా వద్దు. డిసెంబరులో లంబసింగి వైపు తెల్లవారుజామున వెళ్తే మొదటి కొన్ని కిలోమీటర్లు ముల్లు మొరాయించడానికి ఆ గట్టిపడిన గ్రీజే కారణం.

హ్యాండిల్ పూర్తిగా ఒక పక్కకి తిప్పినప్పుడు మాత్రమే ముల్లు ఊగుతుంటే తొడుగు దారి తప్పు. ట్యాంకు కిందో, హెడ్‌లైట్ వెనకో ఎక్కడో గట్టిగా వంగింది. జానెడు వెడల్పు కంటే ఇరుకైన మలుపు ఎక్కడా ఉండకూడదు. పొడవు తేడా ఉన్న వేరే బండి కేబుల్ వేసినా ఇంతే. తొడుగు సరిపోయినట్టే కనిపిస్తుంది గానీ లోపలి తీగ పొట్టిదై గాడిలో కొనమాత్రమే ఆనుతుంది. కొన్నప్పుడు పాతదాని పక్కన పెట్టి, తీగ రెండు వైపులా ఎంత బయటికి వస్తుందో కూడా పోల్చండి.

కేబుల్ కొత్తదే, మీటర్ మంచిదే, అయినా పనిచేయదు

ఇప్పుడు ఇంజన్‌లోకి వెళ్ళాలి. చిన్న పళ్ళచక్రం కొన్ని బళ్ళలో నైలానుతో ఉంటుంది. పైన ఏదైనా బిగుసుకున్నప్పుడు దాని పళ్ళు ఒక పక్క నలిగిపోతాయి.

ముందు నూనె దించండి. కేబుల్ ఇంజన్‌లోకి దూరే చోట ఉన్న తొడుగుని, అంటే డ్రైవ్ హౌసింగ్‌ని పట్టి ఉంచే స్క్రూ లేదా ప్లేటు విప్పి, హౌసింగ్‌ని మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. స్క్రూడ్రైవర్‌తో పెకిలించకండి, అల్యూమినియం అంచు విరిగితే కథ మారిపోతుంది. గేరు పైనో కిందో పల్చటి వాషరు ఉంటుంది. అది నూనెతో అంటుకుని వస్తుంది, గుడ్డలోకి జారిపోతుంది, ఎవరికీ తెలియదు. అది లేకపోతే గేరు పైకీ కిందకీ ఆడి మళ్ళీ పళ్ళు తినేస్తుంది. విప్పిన వరుసలోనే పాత న్యూస్ పేపర్ మీద పెట్టుకోండి, ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

గేరు పళ్ళు పోయి ఉంటే కొత్తది వేసేముందు రంధ్రంలోకి టార్చి కొట్టి వార్మ్‌ని చూడండి. దాని అంచులు నున్నగా ఉండాలి. గరుకు లేచి ఉంటే కొత్త గేరునీ నమిలేస్తుంది, సైడ్ కవర్ విప్పక తప్పదు. ఇలాంటి భాగాలు కొత్తవి దొరకడం కష్టమే. విరిగినదైనా సరే పాత ముక్క పారేయకండి. గాజువాక ఆటోనగర్ లాంటి చోట లేత్ పనివాళ్ళకి అదే నమూనా. పళ్ళ లెక్క, వాటి వాలు అచ్చంగా ఉండాలని గట్టిగా చెప్పండి. ఒక్క పన్ను తేడా వస్తే మీటర్ తిరుగుతుంది గానీ అబద్ధం చెబుతుంది.

కేబుల్ నట్టు దగ్గర నూనె, మీటర్ అద్దం లోపల మసక

డ్రైవ్ హౌసింగ్‌లోని ఆయిల్ సీల్ గట్టిపడింది, లేదా బయటి రబ్బరు ఓ-రింగ్ పోయింది. నట్టు ఎంత బిగించినా ఆగదు. బిగించి బిగించి మరలు పాడుచేసుకోవడమే. సీల్ మీద అంకెలు ఉంటే అవే అడగండి. అరిగిపోతే వెర్నియర్‌తో లోపలి కొలత, బయటి కొలత, మందం తీసుకోండి. కొత్త సీల్‌లో స్ప్రింగ్ ఉన్న పెదవి నూనె వైపు, అంటే ఇంజన్ వైపు ఉండాలి. సరిపడే సాకెట్ పెట్టి నిటారుగా నొక్కండి, సుత్తితో ఒక పక్క కొడితే ఒరిగిపోతుంది. దీన్ని నిర్లక్ష్యం చేసిన మీటర్‌లో డయల్ మీద నూనె మరకలు పడతాయి, అవి ఇక పోవు.

ఆర్‌పీఎం పెరుగుతోంది, బండి పెరగడం లేదు

సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే ముల్లు జోరుగా లేచి, బండి మాత్రం ఉన్నచోటే ఉన్నట్టుందా? మీటర్‌ని తిట్టకండి. అది నిజమే చెబుతోంది. క్లచ్ జారుతోంది.

ముల్లు తప్పు లెక్క చూపిస్తోంది

ఇంజన్ ఆపినా ముల్లు సున్నాకి రాకపోతే స్ప్రింగ్ అలిసింది, లేదా గ్రీజు చేరింది. తేడా ఎంతో తెలియాలంటే ప్లగ్ వైరు చుట్టూ తీగ చుట్టే చిన్న డిజిటల్ మీటర్ ఒకటి కొనండి. టూ-స్ట్రోక్‌లో ప్రతి చుట్టుకీ ఒక నిప్పురవ్వ కాబట్టి సెట్టింగ్ అలాగే పెట్టాలి. ఫోర్-స్ట్రోక్ బళ్ళలో రెండు చుట్లకి ఒకసారి రవ్వ వచ్చేవీ, ప్రతి చుట్టుకీ వచ్చేవీ రెండూ ఉన్నాయి. సెట్టింగ్ తప్పితే లెక్క సగమో రెట్టింపో వస్తుంది, అది చూసి కంగారుపడకండి.

మీటర్ ఒక్కదాన్నే పరీక్షించాలంటే పాత తీగ ముక్కని డ్రిల్లింగ్ మిషన్‌కి బిగించి నెమ్మదిగా తిప్పొచ్చు. కేబుల్ తిరిగే దిశే ఉండాలి. ఉల్టా తిప్పితే ముల్లు కింది పిన్నుకి కొట్టుకుంటుంది. లోపల తెరవాల్సి వస్తే మాత్రం మీటర్లు చేసేవాళ్ళకే ఇవ్వండి. చుట్టూ మడిచిన రింగు విప్పడం ఓపికతో అవుతుంది గానీ ముల్లు లాగేటప్పుడు విరిగేది చాలామందికి. ఒకసారి నా చేతిలోనూ విరిగింది, ఆ మీటర్ ఇప్పటికీ మా అటక మీద ఉంది.

రాజ్‌దూత్ మీద వేసిన నాలుగో కేబుల్ ఇంకా నడుస్తోంది. ఐడిల్‌లో రెండు వందలు ఎక్కువ చూపిస్తోంది. దాన్ని అలాగే వదిలేశాను.