ప్రింట్‌లో అంచుల చుట్టూ తెల్ల గీతలా? ప్రింటర్ మీద పడకండి

లక్షణం ఇదీ: స్క్రీన్ మీద ఫోటో బ్రహ్మాండంగా ఉంటుంది, ప్రింట్ చేతికొచ్చాక చూస్తే జుట్టు చుట్టూ, చీర అంచు చుట్టూ సన్నటి తెల్ల గీత, ముఖం మీద ఇసుక చల్లినట్టు గరుకు.

ముందు ఫైలు చూడండి. ఇది చూడకుండా కాగితం మార్చేవాళ్లే ఎక్కువ. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోనే ల్యాబ్‌కి పంపి ఉంటే ఇక చదవక్కర్లేదు, ఒరిజినల్ తెచ్చుకోండి. 12×18 అంగుళాల ప్రింట్‌కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా ఫైలు దానికి చాలు.

ఫైలు సరిగ్గానే ఉంటే, షార్ప్‌నెస్ ఎన్నిసార్లు పెరిగిందో లెక్కపెట్టండి. నా చెయ్యి కాలింది ఇక్కడే. నెల్లూరులో ఒక పెళ్లి, రంగనాయకుల గుడి గాలిగోపురం ముందు జంటను నిలబెట్టి తీశాను, 12×36 ఆల్బమ్ షీటు. పెళ్లికూతురు నాన్న చూసి "ఏందబ్బయా, గోపురం చుట్టూ ముగ్గేసినట్టుంది?" అన్నాడు. ల్యాబ్‌తో గొడవపడ్డాను, కాగితం మార్పించాను, డబ్బులు పోయాయి, ముగ్గు పోలేదు. తీరా చూస్తే కెమెరాలో పిక్చర్ స్టైల్ (ఫోటో రంగూ షార్ప్‌నెస్ ఎలా ఉండాలో చెప్పే సెట్టింగ్) షార్ప్‌నెస్ ఎప్పుడో పెంచి మర్చిపోయాను, ఎడిటింగ్‌లో ఇంకోసారి పెంచాను, ఎక్స్‌పోర్ట్‌లో ప్రింట్ షార్పెనింగ్ టిక్ అలాగే ఉండిపోయింది, ల్యాబ్ వాళ్ల ఆటో కరెక్షన్‌తో నాలుగు. షార్పెనింగ్ వల్ల కొత్త వివరమేమీ రాదు, అంచుకి ఒక పక్క తెలుపు, ఇంకో పక్క నలుపు పెరుగుతాయంతే. అందుకే ఆకాశం ముందున్న గోపురం దగ్గర ముందు బయటపడింది. చిన్న ప్రింట్‌లో కనబడని గీత, ఫోటో పెద్దది చేస్తే తనూ పెద్దదవుతుంది.

జేపెగ్‌లో తీస్తే ఆ గీత ఫైల్లోనే అచ్చుపడిపోతుంది, తర్వాత శుభ్రంగా తీయలేం. కాబట్టి కెమెరాలో షార్ప్‌నెస్ డీఫాల్ట్ కంటే ఒకటి రెండు పాయింట్లు తగ్గించి తీయండి. రా (RAW) ఫైలుకి, అంటే సెన్సర్ పట్టింది పట్టినట్టు దాచే ఫైలుకి, ఆ బాధ లేదు, కాకపోతే కెమెరా కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే అదే సెట్టింగ్ మళ్లీ వచ్చి కూర్చుంటుంది. పైగా కెమెరా వెనక తెర మీద కనిపించేది రా కాదు, దానిలో దాచిన జేపెగ్, అది చూసి ఫోకస్ అదిరిందని మురిసిపోకండి.

ఇంక్‌జెట్ హెడ్ అలైన్‌మెంట్, కాగితం తిరగేసి పెట్టడం లాంటివాటితో మసక వస్తుంది, ముగ్గు రాదు. వాటి జోలికి పోవద్దు.

షీటు చివరి సైజుకి తెచ్చాకే, ఒక్కసారే షార్పెన్ చేయండి. ల్యాబ్‌కి 'కరెక్షన్ వద్దు' అని ఆర్డర్‌లోనే రాయండి. ఆల్బమ్ మొత్తం వేయించే ముందు 300 డీపీఐలో ఉన్న ఆ షీటులోంచి సైజు మార్చకుండా 1200×1800 పిక్సెళ్ల ముక్క కట్ చేసి 4×6 వేయించండి, పెద్ద షీటులో ఆ చోటు ఎలా వస్తుందో అచ్చం అలాగే వస్తుంది. కట్ చేసేది మాత్రం జుట్టూ ఆకాశం కలిసే చోటు, చీర మధ్యలోంచి కాదు.